తొమ్మిదో లెవెల్ దగ్గర ఆగిపోయిన ఆట

పోయిన నెలలో ఒక రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, తాడు పట్టుకుని బావిలోకి దిగే మనిషి ఆట గుర్తుందా నీకు? చేతిలో లాంతరు ఉంటుంది చూడు, అది" అన్నాడు. గుర్తులేకపోవడమేమిటి! బడి వదిలాక నాన్న వచ్చేదాకా మమ్మల్ని కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చోనిచ్చేవారు. ఇద్దరం ఒకే కుర్చీలో ఇరుక్కుని అదే ఆడేవాళ్లం. వాడు బాణం కీలు నొక్కేవాడు, నేను తెర మీద వేలు పెట్టి దారి చెప్పేదాన్ని. పైన తాడు అయిపోతూ ఉంటుంది, కింద నీళ్లు ఎక్కుతూ ఉంటాయి, ఎక్కడో చుక్క చుక్కగా నీరు పడుతున్న చప్పుడు. తొమ్మిదో లెవెల్ మేం ఒక్కసారి కూడా దాటలేదు.

"దాని పేరేమిటో చెప్పు, పాపకి చూపిస్తాను" అన్నాడు. పేరు నాకూ తెలీదు. ఆ వయసులో ఆటకు ఒక పేరు ఉంటుందని, దాన్ని ఎవరో ఒక మనిషి తయారు చేసి ఉంటాడని మాకు తట్టనే లేదు. మాకది లాంతరాట. "అందులో పచ్చ పిట్ట ఒకటి గెంతుతూ ఉండేది కదా" అన్నాడు వాడు. నాకు ఏ పిట్టా గుర్తులేదు. ఉందని వాడు, లేదని నేను, చాలాసేపే వాదించుకున్నాం.

ఆ రాత్రి మొదలైన వెతుకులాట పదకొండు రోజులు సాగింది. ఆట దొరికింది. కానీ వెతకడం మొదలుపెట్టే ముందు నాకున్న నమ్మకం ఒకటి మధ్యలోనే కూలిపోయింది. పాత బ్రౌజర్ ఆటలను ఎవరో పుణ్యాత్ములు కాపాడేశారు, ఇక దిగులు లేదు అనుకుంటూ ఉండేదాన్ని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. వాళ్లు కాపాడింది ఫైళ్లను. ఆ ఫైళ్లను మనిషికి చేర్చే మాటలు ఇంకా ఆడినవాళ్ల బుర్రల్లోనే ఉన్నాయి. అవి కాగితం మీదికి, తెర మీదికి రాకపోతే ఆ ఆటలు ఉండీ లేనట్టే.

ఫైళ్లు దక్కాయి, నిజమే

ముందుగా ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చేయాలి. ఆ కాలపు ఆటల్లో చాలావాటిని నడిపించింది ఫ్లాష్, అంటే బ్రౌజర్‌కు తగిలించే ఒక చిన్న ప్రోగ్రాం (ప్లగిన్). ఫ్లాష్‌ను ఆపేస్తున్నామని అడోబీ 2017 జూలైలో ప్రకటించింది, 2020 డిసెంబర్ 31తో మద్దతు ఆపేసింది. 2021 జనవరి 12 నుంచి ప్లేయరే ఆటల్ని నడపకుండా అడ్డుపడింది. అంటే మూడున్నరేళ్ల గడువు. ఆ గడువును వృథా చేయనివాళ్లు కొందరున్నారు. 2018 జనవరిలో ఆస్ట్రేలియాకు చెందిన బెన్ లాటిమోర్ మొదలుపెట్టిన ఫ్లాష్‌పాయింట్ అనే సంకలనంలో ఇప్పుడు 2,00,000కు పైగా ఆటలు, యానిమేషన్లు ఉన్నాయి. మైక్ వెల్ష్ మొదలుపెట్టిన రఫుల్ అనే ఎమ్యులేటర్, అసలు ఫ్లాష్ ప్లేయర్‌తో పని లేకుండానే మామూలు బ్రౌజర్‌లో పాత ఫైళ్లను నడిపిస్తుంది. దాన్ని ఆధారం చేసుకునే ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2020 నవంబర్‌లో ఫ్లాష్ ఆటలను తన దగ్గర మళ్లీ ఆడుకునేలా పెట్టింది. ఇవన్నీ ఎక్కువగా జీతం లేని పనులు, రాత్రిళ్లు మేలుకుని చేసిన పనులు.

ఫ్లాష్‌ను చంపకుండా ఉండాల్సింది అని నేను అనను. దాని భద్రతా లోపాలు ఏళ్ల తరబడి తీరని తలనొప్పి. ఒక కంపెనీ చేతిలోని ప్లగిన్ మీద వెబ్ అంతా ఆధారపడటమూ మంచిది కాదు. పోవాల్సిందే పోయింది. నా బాధ అది పోయినందుకు కాదు.

ఫ్లాష్ ఒక్కటే కాదు కూడా. డైరెక్టర్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసి, షాక్‌వేవ్ అనే ఇంకో ప్లగిన్‌తో నడిపే ఆటలకు 2019 ఏప్రిల్‌లోనే తలుపులు మూసేశారు, చాలామంది గమనించనే లేదు. వెబ్ పేజీలోనే నడిచే చిన్న జావా ప్రోగ్రాములు, అంటే జావా యాప్లెట్ల సంగతి అంతకంటే ముందే ముగిసింది. పాత ప్లగిన్ల పద్ధతిని క్రోమ్ 2015లో పూర్తిగా తీసేసినప్పుడు వాటికి ఊపిరి ఆడలేదు. జనం 'ఫ్లాష్ గేమ్' అని గుర్తుపెట్టుకున్నవాటిలో కొన్ని నిజానికి ఈ రెండు రకాలవి. వెతికేవాళ్లు ముందు ఇక్కడే దారి తప్పుతారు.

వెతకడానికి మాట కావాలి

రెండు లక్షల ఆటలున్న చోట లాంతరాటను ఎలా పట్టుకోవాలి? వెతుకు అనే గడిలో ఏం రాయాలి? లాంతరు, బావి, తాడు, నీళ్లు, గుహ, గని. ఇంగ్లీషులో నాకు తోచిన మాటలన్నీ రాశాను. వందల కొద్దీ వచ్చాయి, మాది రాలేదు.

అసలు ఆ ఆట పేరు ఇంగ్లీషులోనే ఉండాలని ఎక్కడుంది? ఆ రోజుల్లో ఈ ఆటలు ప్రపంచం నలుమూలల నుంచీ వచ్చాయి. మూసిన గదిలోంచి బయటపడే ఆటలకు ఒరవడి పెట్టిన క్రిమ్సన్ రూమ్‌ను 2004లో చేసింది జపాన్‌కు చెందిన తొషిమిత్సు తకాగి. గీత గీస్తే దాని మీద బండి జారుకుంటూ పోయే లైన్ రైడర్‌ను 2006లో చేసింది స్లొవేనియా విద్యార్థి బొష్ట్యాన్ చాదెజ్. సమొరోస్త్ 2003లో చెక్ దేశం నుంచి వచ్చింది. ఎక్కడో ఒక గదిలో ఒక్కరే కూర్చుని చేసినవి, ఏ భాషలో పేరు పెట్టుకున్నారో ఎవరికి తెలుసు. కొన్నింటికైతే ఫైలు పేరే పేరు, 'గేమ్ త్రీ' లాంటిది.

అప్పుడు నాకు ఒకటి అర్థమైంది. నేను ఆ ఆటను కళ్లతో, చెవులతో, వేళ్లతో గుర్తుపెట్టుకున్నాను. సంకలనమేమో పేరుతో, తేదీతో, రకంతో గుర్తుపెట్టుకుంది. మా ఇద్దరికీ ఉమ్మడి మాట ఒక్కటీ లేదు. ఎవరైనా, ఎప్పుడైనా, "లాంతరు పట్టుకున్న మనిషి బావిలోకి దిగుతాడు, కింది నుంచి నీళ్లు వస్తుంటాయి" అని ఒక్క వాక్యం దాని పక్కన రాసి ఉంటే మొదటి రోజే దొరికేది.

అందుకని ఆటను వదిలి, ఆ ఆట ఉండే సైటును వెతకడం మొదలుపెట్టాను. సైటు పేరూ గుర్తులేదు, ముదురు ఆకుపచ్చ రంగు మాత్రం గుర్తుంది. ఆ కాలపు ఆటల సైట్లు ఒకదానికొకటి లింకులు ఇచ్చుకునేవి, కింద చివర్న 'మా మిత్రులు' అన్నట్టు ఒక వరస ఉండేది. ఇంటర్నెట్ ఆర్కైవ్ దాచిన పాత వెబ్ పేజీలను చూపించే వేబ్యాక్ మెషీన్‌లో ఒక సైటు పాత కాపీ తెరిచి, ఆ వరస పట్టుకుని ఇంకో సైటుకు, అక్కడి నుంచి మరో సైటుకు వెళ్తూ పోయాను. సగం లింకులు దేనికీ చేరవు, బొమ్మలుండాల్సిన చోట ఖాళీ చతురస్రాలు. పదకొండో రోజు ఒక ముదురు ఆకుపచ్చ పేజీ తెరుచుకుంది. ఆటల జాబితా, ఒక్కోదాని పక్కన ఒక్కో పంక్తి. చూస్తూ చూస్తూ మధ్యలో ఆగాను. నీళ్లు వచ్చేలోపు దీపాన్ని కిందికి చేర్చాలి, తాడును పొదుపుగా వాడుకోవాలి అని ఇంగ్లీషులో, రెండు అక్షర దోషాలతో రాసి ఉంది. పక్కన పేరు. ఆ పేరులో లాంతరూ లేదు, బావీ లేదు.

ఆ పేరుతో వెతికితే క్షణంలో దొరికింది. నేను మొదటి రోజు నుంచీ గాలిస్తున్న స్వచ్ఛంద సంకలనాల్లో ఒకదానిలోనే ఉంది. వివరణ ఉండాల్సిన చోట మాత్రం ఖాళీ.

ఆ పంక్తి రాసినవారెవరో నాకు తెలీదు. సైటు నడిపే కుర్రాడో, పేజీ బోసిగా ఉందని ఏదో ఒకటి రాసిన స్నేహితురాలో. పదిహేనేళ్లు దాటాక ఇద్దరు మనుషులు తమ ఆటను ఆ పంక్తి పట్టుకుని చేరుకుంటారని వాళ్లు అనుకుని ఉండరు.

ఫైలులో లేనిది

ఆ పేజీ తలమీద బొమ్మలన్నీ పోగా ఒకే ఒక్క చిన్న బొమ్మ మిగిలింది. పచ్చ పిట్ట. సైటు గుర్తు అది. ఆట లోడ్ అయ్యేంతసేపూ ఆ పిట్ట గెంతుతూ ఉండేదని తమ్ముడికి ఫొటో పంపగానే గుర్తొచ్చింది. మా ల్యాబ్‌లో నెట్ వేగానికి అది నిమిషాల తరబడి గెంతేది. వాడు చిన్నవాడు, ఆట కంటే పిట్టనే ఎక్కువ చూసి ఉంటాడు. మేమిద్దరం తప్పు కాదు. వాడి ఆటలో పిట్ట ఉంది, ఫైలులో లేదు.

ఇది ముచ్చటగా ఉంది కానీ దీనికంటే ముఖ్యమైనది తొమ్మిదో లెవెల్. ఆట దొరికిన రాత్రి ఒక్కదాన్నే కూర్చుని ఆడాను. ఎనిమిదీ దాటాను. తొమ్మిదిలో రెండు రాళ్ల మధ్య ఎడం, తాడు అక్కడికి అందదు. ఇప్పుడు నాకు వయసు వచ్చింది, తీరిక ఉంది, ఒకటికి నలభై సార్లు ప్రయత్నించాను. అందదు. ఫైలు పాడయిందేమో అనుకున్నాను, ఎమ్యులేటర్ తేడా చేస్తోందేమో అనుకున్నాను. చివరికి ఫ్లాష్ ఫైళ్లను విప్పి లోపలి కోడ్ చూపించే పరికరంతో దాన్ని తెరిచాను. బాణం కీల సంఖ్యల పక్కనే ఇంకో సంఖ్య ఉంది, 16. షిఫ్ట్ కీ. దాన్ని నొక్కి పట్టుకుంటే మనిషి తాడుతో ఊగుతాడు. ఆ ఊపులో వదిలేస్తే అవతలి రాయి మీద పడతాడు.

ఆటలో ఎక్కడా ఆ సంగతి చెప్పలేదు. మరి ఆడేవాడికి ఎలా తెలియాలి? పేజీలో ఆట కింద రాసి ఉండేది. ఆ కాలపు ఆటలు చాలా వాటికి ఇదే పద్ధతి, ఏ కీ ఏం చేస్తుందో ఆటలో కాక ఆట కింద, పేజీలో రాసేవారు. ల్యాబ్‌లోని చిన్న తెర మీద అది కిందికి జరిపితే తప్ప కనిపించేది కాదు, మేం జరపలేదు. ఆ జాబితా పేజీకి కాపీ ఉంది కానీ ఆట ఉన్న పేజీకి లేదు. అంటే ఆట ఫైలు పూర్తిగా, ఒక్క బైటు కూడా చెడకుండా ఉంది. అయినా తొమ్మిదో లెవెల్ తలుపు తీసే వాక్యం ఈ భూమ్మీద ఎక్కడా మిగల్లేదు. కోడ్ విప్పడం తెలియనివాళ్లకు ఆ ఆట ఎనిమిది లెవెళ్లతో అయిపోయినట్టే.

"ఆటను కాపాడాం" అని మనం అంటున్నప్పుడు ఏది కాపాడామో తేల్చుకోవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

ఎత్తుకుపోయిన కాపీలే మిగిలాయి

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన నిజం ఉంది. మా లాంతరాట ఫైలు దక్కింది అసలు సైటు నుంచి కాదు. ఎవరో అడగకుండా కాపీ చేసి తమ సైటులో పెట్టుకుంటే అక్కడి నుంచి దక్కింది.

ఆ రోజుల్లో ఆటలు ఇలా చేతులు మారడం మామూలే. కొందరు కావాలనే వదిలేవారు. స్పాన్సర్ గుర్తు ఆట మొదట్లో పెట్టి, ఎన్ని సైట్లకు పాకితే అంత మంచిదని అనుకునేవారు. మరికొందరు తాళం వేసేవారు. ఆట తెరుచుకోగానే తాను ఏ చిరునామా నుంచి నడుస్తున్నానో చూసుకుంటుంది, అది సొంత చిరునామా కాకపోతే కదలదు. తయారుచేసినవారి కష్టం ఎత్తుకుపోకుండా వేసిన న్యాయమైన తాళం అది. కానీ సైటు మూతపడ్డాక ఆ తాళమే ఆటను లోపల బంధించింది. ఫ్లాష్‌పాయింట్ లాంటివాళ్లు మన కంప్యూటర్లోనే ఒక చిన్న సర్వర్ నడిపి, ఆటకు 'నువ్వు నీ పాత ఇంట్లోనే ఉన్నావు' అని నమ్మించాల్సి వచ్చింది.

ఇంకొన్ని ఆటలు చాలా ముక్కలుగా ఉండేవి. మొదటి ఫైలు చిన్నది, లెవెళ్లు, పాటలు, బొమ్మలు ఆడుతుండగా ఒక్కొక్కటీ వచ్చేవి. పేజీలను కాపీ తీసే రోబోలకు లింకులు కనిపిస్తాయి కానీ, ఆట కడుపులో దాగిన చిరునామాలు కనిపించవు. మొదటి ముక్క దక్కి మిగతావి పోయిన ఆటలు ఎన్నో. ఇంకొన్ని వేరేవాళ్ల సేవల మీద ఆధారపడ్డాయి. ఆటలకు ప్రకటనలు, స్కోరు పట్టికలు అందించే మోచీ మీడియా 2014 మార్చి 31న మూతపడినప్పుడు, దాన్ని నమ్ముకున్న ఆటలన్నింటిలో ఆ భాగాలు మూగబోయాయి.

పదిమందీ కలిసి ఆడే ఆటలది వేరే కథ. క్లబ్ పెంగ్విన్ 2005 నుంచి 2017 మార్చి దాకా నడిచింది. దాని ఫైళ్లన్నీ దక్కినా, మంచులో మీ పక్కన నిలబడి కబుర్లు చెప్పిన పిల్లలు దక్కరు. అలాంటివాటికి ఎవరో ఆడుతూ తీసిన వీడియో, ఎవరో రాసుకున్న డైరీ పేజీ, ఇవే అసలు ఆధారాలు. ఒంటరిగా ఆడే ఆటలకు వీడియో ఉంటే చాలదా అని నన్నొకరు అడిగారు. చాలదు. తాడు ఊపు ఎప్పుడు వదలాలో వేలికి తెలియాలి, అది చూస్తే తెలిసేది కాదు. కానీ క్లబ్ పెంగ్విన్ లాంటివాటికి ఒప్పుకుంటాను, అక్కడ చూసినవాళ్ల సాక్ష్యమే మిగిలేది.

చెత్తను ఎందుకు దాచాలి?

నా మీద నాకే వచ్చిన అనుమానాల్లో బలమైనది ఇది. ఆ ఆటల్లో ఎక్కువ భాగం నాసిరకం. పండ్లు ఏరుకునేవి, బొమ్మకు బట్టలు వేసేవి, ఒకే ఆటకు రంగు మార్చిన ఇరవై రూపాలు. మంచివి తమంతట తామే బతికాయి కదా? 2002లో బ్రౌజర్లో వచ్చిన ఏలియన్ హోమినిడ్ 2004కల్లా కన్సోల్ ఆటైంది. 2008 నాటి మీట్ బాయ్ 2010లో సూపర్ మీట్ బాయ్ అయింది. సమొరోస్త్‌ను చేసినవాళ్లే 2021లో మళ్లీ మెరుగుపరిచి ఉచితంగా ఇచ్చారు. కాలం జల్లెడ పట్టాక మిగిలినవి చాలవా?

చాలా రోజులు ఈ వాదనకు నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు ఉన్న జవాబు కూడా పూర్తి జవాబు కాదు. బతికినవి మంచివి కాబట్టి బతికాయన్నది సగం నిజం. వాటిని చేసినవాళ్లకు తర్వాత ఒక కంపెనీ, ఒక డిస్క్, ఓపిక మిగిలాయి కాబట్టి కూడా బతికాయి. లాంతరాట బతకకపోవడానికి కారణం దాని నాణ్యత కాదని నేను ఖాయంగా చెప్పగలను. ఆ ఊపు ఎంత సొంపుగా ఉందో ఇప్పుడు షిఫ్ట్ నొక్కాక తెలిసింది. ఇక ఆ ఇరవై రంగుల రూపాల సంగతికొస్తే, అవి ఎవరో పిల్లలు కోడ్ నేర్చుకున్న పలకలు. ఆటగా వాటికి విలువ లేకపోవచ్చు. అయినా ఒక తరం ఎలా నేర్చుకుందో చూడాలంటే వాటినే చూడాలి. ప్రతిదాన్నీ అందరూ ఆడాలని కాదు, ప్రతిదానికీ ఒక వాక్యం ఉండాలని నా కోరిక.

రెండో అనుమానం ఇంకా సున్నితమైనది. చేసినవారికి ఇష్టం లేకపోతే?

ఆట చివర్లో ఒక ఈమెయిల్ చిరునామా ఉంది. ఆశ లేకుండానే రాశాను. మూడో రోజు జవాబు వచ్చింది. పదహారేళ్ల వయసులో చేశారట, అసలు ప్రాజెక్టు ఫైలు ఎప్పుడో హార్డ్ డిస్క్‌తో పాటే పోయిందట. మేం ఎన్నో లెవెల్ దాకా వెళ్లామని అడిగారు. తొమ్మిది దగ్గర ఆగిపోయామంటే, షిఫ్ట్ సంగతి పేజీలో రాశాననే ధైర్యంతో ఆటలో పెట్టలేదని, తెలిసుంటే పెట్టి ఉందునని నొచ్చుకుంటూ రాశారు. చివర్లో ఒక మాట అడిగారు. ఆట ఉండనివ్వండి, నా అసలు పేరు మాత్రం దానితో కలిపి ఎక్కడా రాయకండి అని. ఆట పేరు, వారి పేరు మొదటి తెర మీద ఒకచోటే ఉంటాయి. అందుకే ఈ వ్యాసంలో ఆట పేరు చెప్పడం లేదు.

పేర్లు రాయాలి, వివరాలు రాయాలి అని ఇంతసేపు వాదించిన నాకు ఆ ఉత్తరం ఒక పరీక్ష. రెండు రోజులు ఆలోచించాను. చేసినవారి కోరిక చెల్లాలి, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆట ఎలా ఉంటుంది, ఏ కీ ఏం చేస్తుంది, నీటి చప్పుడు ఎలా ఉంటుంది అనేవి వారి రహస్యాలు కావు. అవి ఆడినవాళ్లవి కూడా. వారిని అడిగి, ఒప్పుకున్నాక, సంకలనంలోని ఆ ఖాళీ గడికి నాలుగు వాక్యాలు రాసి పంపాను. బావి, తాడు, లాంతరు, ఎక్కే నీళ్లు. బాణం కీలతో దిగాలి, షిఫ్ట్ పట్టుకుంటే ఊగుతాడు. తొమ్మిదో లెవెల్‌లో ఊపు లేకుండా దాటలేరు.

తమ్ముడికి షిఫ్ట్ సంగతి ఫోన్‌లో చెప్పలేదు. పాపతో కలిసి ఆడమని లింకు పంపి, కింద ఆ నాలుగు వాక్యాలు పెట్టాను. మర్నాడు వాడి నుంచి ఒకటే మెసేజ్ వచ్చింది: "పద్నాలుగు. ఇంకా ఉన్నాయి."

ఇప్పుడు ఇంకోటి వెతుకుతున్నాను. ఈసారి నాకు గుర్తున్నదంతా ముందే రాసేస్తున్నాను. టైపింగ్ ఆట. రైలు ఎడమ నుంచి కుడికి పోతుంది, ఒక్కో పెట్టె మీద ఒక్కో ఇంగ్లీషు మాట, సరిగ్గా కొడితే పెట్టె కిటికీలో దీపం వెలుగుతుంది. తప్పు కొడితే రైలు ఆగదు, దీపం లేకుండానే పోతుంది. నేపథ్యం రాత్రి, నీలం రంగు, ఇది ఖాయం. సొరంగం వస్తే లెవెల్ మారుతుందని అనుకుంటున్నాను, ఇది అంత ఖాయం కాదు. పాట లేదు, పట్టాల చప్పుడు మాత్రమే. ఆట అయిపోయాక వెలిగిన కిటికీలన్నీ లెక్కపెట్టి చూపించేది. ఆడినవాళ్లుంటే మీకు గుర్తున్న ముక్క, ఎంత చిన్నదైనా సరే, రాయండి.